నాలుగు పౌండ్ల దారం

అన్న హోలిస్ సరస్సులో మునిగిపోయి ఆరు వారాలైనా, డెల్మర్ స్ట్రౌడ్ రోజూ పొద్దున్నే పడవేసుకుని వెతకడానికి పోతున్నాడు. తమ్ముడంటే ఇలా ఉండాలని ఊరంతా ఒకటే మెచ్చుకోలు. హోలిస్ భార్య నీవా, మరిదికి ఫ్లాస్కులో కాఫీ పోసి, మొక్కజొన్న రొట్టె మూటగట్టి మరీ పంపుతోంది. షెరీఫ్ పంపిన ఈతగాళ్లు పదిరోజులు వెతికి చేతులెత్తేశారు. డ్యామ్ కట్టినప్పుడు నరక్కుండా వదిలేసిన ఓక్ చెట్లు అడుగున ఇంకా నిలబడే ఉన్నాయి, వాటి మధ్యకు పోవడం వాళ్లవల్ల కాలేదు. చర్చి వెనక సమాధికి చోటు చూసిపెట్టుకున్న నీవాకు, పూడ్చుకోవడానికి మనిషే లేడు.

ఆ వేళ హోలిస్ కూతురు ఆర్డిత్ కూడా పడవ ఎక్కింది. బాబాయి గాలపు కర్రకున్న దారం రీలు వైపు చూసి ముఖం చిట్లించింది.

"నాలుగు పౌండ్ల బరువుకే తెగే దారమా? దీంతో నాన్నని వెతుకుతున్నావా బాబాయ్? ఆయన బూటు తగిలినా తెగి ఊరుకుంటుంది."

"సన్నదైతేనే అడుగున ఏం తగిలిందో చేతికి తెలుస్తుందే. మీ నాన్నలాగా ఎనిమిది పౌండ్ల మోకులేస్తే, వస్తున్నా దాక్కోండని చేపలకి ముందే కబురంపినట్టు."

"ఆ మోకుతోనే నీకంటే పెద్ద చేపలు తెచ్చేవాడు."

అన్నదమ్ముల మధ్య ముప్పై ఏళ్ల తగవది. అద్దంలాంటి ఆ నీళ్లలో లావు దారం కనిపిస్తే బాస్ చేప దగ్గరికే రాదని డెల్మర్. సన్నదానికి పడిన చేపను చెట్లలోంచి లాగలేమని హోలిస్. ఇద్దరిదీ నిజమే, అదే ఖర్మ.

డెల్మర్ ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఫిబ్రవరిలో, అన్న పోవడానికి ముందు సాయంత్రం, అన్న రీలు మీది దారం విప్పేసి నాలుగు పౌండ్లది చుట్టాడు. ఎర కూడా తనే కట్టిపెట్టాడు. అరవై దాటిన కళ్లు, చలికి చేతితొడుగులు, హోలిస్ పోల్చుకోడు. బుట్టనిండా చేపలతో తిరిగొస్తే నలుగురిలో ఆటపట్టిద్దామనుకున్నాడు, అంతే. సన్న దారానికి పెద్ద చేప పడితే గుంజడానికి లేదు. అలసిపోయేదాకా ఆడించి, వంగి, వలతో ఎత్తుకోవాలి. హోలిస్ అలాగే వంగి నీళ్లలో పడిపోయి ఉంటాడు. పడవ ఒక్కటే దొరికింది.

శవంతోపాటు ఆ రీలూ దొరికితే దారం మార్చిన సంగతి బయటపడుతుంది. అందుకే డెల్మర్ రోజూ వెతుకుతున్నాడు, దేన్నీ పైకి లాగలేని దారంతో. పాపం ప్రయత్నించాడంటారు, దొరకలేదంటారు. ఎంత తెలివి!

కొండచరియ కింద, అరవై అడుగుల లోతున గాలం దేనికో తగులుకుంది. చేపలా కొట్టుకోలేదు. బరువుగా ఉంది.

"కొమ్మ," అన్నాడు డెల్మర్.

"కొమ్మయితే కదలదు. అది వస్తోంది చూడు."

నిజంగానే జానెడు వచ్చింది. డెల్మర్ రీలు బిగించి ఒక్క గుంజు గుంజాడు. తెగాలి. తెగలేదు. గుంజినంతా పైకి వచ్చింది. ఆపితే ఆగింది, కిందికి జారలేదు. రెండు చేతులతో గుంజినా అంతే. సన్న దారంతో ముప్పై ఏళ్లు చేపల్ని ఆడించినవాడు డెల్మర్. ఎక్కడ ఇవ్వాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి ఎలా ఉంటుందో అతనికి చెప్పక్కర్లేదు. దారానికి అవతల అలాంటి చెయ్యే ఉంది.

భయపడి దారం వదిలేశాడు. దారం వదులై పడవ పక్కన చుట్టలు చుట్టలుగా పోగుపడసాగింది. లాగకుండానే వస్తోంది.

ముందు పచ్చటి నీళ్లలో పసుపు కోటు కనిపించింది. "నాన్నా," అంటూ ఆర్డిత్ వంగి కాలరు పట్టుకుంది. డెల్మర్ గాలం ఆ కాలరుకే గుచ్చుకుని ఉంది. హోలిస్ కుడిచేతి మణికట్టుకు అతని రీలు దారం మూడు చుట్లు చుట్టుకుని ఉంది. ఏడుస్తూనే దాన్ని తప్పించబోయింది. చిన్నగా లాగిందో లేదో, పుటుక్కున తెగింది.

ఆమె ఏడుపు ఆగిపోయింది. తెగిన ముక్కను వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇది నాన్న వాడేది కాదు. ఎవరు చుట్టారు బాబాయ్?"

అబద్ధం నాలుక చివరే ఉంది. నా మాటే నిజమని చివరికి మీ నాన్నే ఒప్పుకుని చుట్టుకున్నాడంటే సరిపోతుంది, కాదనడానికి చచ్చినవాడు లేచిరాడు. అది అనబోతుండగా, అతని చేతిలోని గాలపు కర్ర కొన నీళ్లవైపు వంగింది. ఆర్డిత్ చేతుల్లో శవం కదల్లేదు. కొన మాత్రం వంగే ఉంది, మెత్తగా, తొందరేమీ లేనట్టు.

"నేనే," అన్నాడు డెల్మర్. "మీ నాన్నకి చెప్పకుండా చుట్టాను."

కర్ర నిటారుగా లేచింది.

ఆర్డిత్ తండ్రి కోటు కాలరు సరిచేసింది.

"గట్టు మీద అమ్మ నిలబడుంటుంది," అంది. "అమ్మకి నువ్వే చెప్పు."