నాలుగో ఊపిరి దగ్గర

నేను ఒక జంపఖానాను. వరంగల్ కొత్తవాడలో పుట్టాను. ముతక నూలుతో, దువ్వెనలాంటి ఇనుప పంజాతో కొట్టి కొట్టి నేశారు నన్ను. అందుకే దెబ్బలంటే భయం లేదు. మొదట ఒక టెంట్ హౌస్‌వాళ్ళు కొనుక్కుని పెళ్ళిళ్ళకు తిప్పారు. మగపెళ్ళివారు నా మీద కూర్చుని అలిగేవారు, పేకాడేవారు, పప్పుచారు ఒలకబోసేవారు. అంచు చిరిగాక మాణిక్యమ్మ టీచర్ నన్ను తెచ్చి, ఉతికి, హన్మకొండలోని తన ఇంట్లో, యోగా గదిలో పరిచింది.

టీచరమ్మ పద్ధతిలో ఊపిరి ముందు, ఒళ్ళు వెనక. పీలుస్తూ చేతులెత్తాలి, వదులుతూ వంగాలి. ఒక్కో ఆసనంలో ఐదు ఊపిర్లు నిలవాలి. అందరూ మౌనంగా ఎవరి వరుస వాళ్ళు చేసుకుంటుంటే, ఆమె వెనక నిలబడి గొంతులో ఆడే ఊపిరి చప్పుడు వింటుంది. అది తడబడకపోతేనే తర్వాతి ఆసనం ఇస్తుంది. అడగడం మర్యాద కాదు. ఇచ్చింది తిరిగి తీసుకుందంటే మాత్రం పరువు పోయినట్టే. ఒకాయన అలా పోగొట్టుకుని మళ్ళీ గడప తొక్కలేదు.

రజిత బస్సు కండక్టరు. డ్యూటీకి పోయేముందు వచ్చేది. నడుం మెలితిప్పి, మోకాలి చుట్టూ చేయి వేసి, వీపు వెనక వేళ్ళు పట్టుకునే ఒక ఆసనం దగ్గర ఏడాదిగా ఆగిపోయింది. కిక్కిరిసిన బస్సులో ఊపిరి బిగపట్టి దూరడం ఆమెకు అలవాటు. ఇక్కడా అంతే. మూడు ఊపిర్లు తీసి, నాలుగో దగ్గర బిగపట్టి, ఐదూ అయినట్టు లేచేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. కింద ఉన్న నాకు తెలియదా? ఊపిరి ఆడుతుంటే మనిషి బరువు మెల్లగా కదులుతుంది. బిగపడితే బండరాయే.

ఒకరోజు టీచరమ్మ ఆమె వెనక నిలబడి, "మంచిగుంది రజితా. ఊపిరి మంచిగ నడుస్తున్నది. ఇగ తర్వాతిది చేయి" అంది.

నాకు ఒళ్ళు మండింది. రజిత మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుంది. అప్పుడే వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఇంకోటి. ఆపైన మరో మూడు. పొయ్యి మీద పప్పు పెట్టిన మనిషి కదల్లేదు.

మిగతావాళ్ళు వెళ్ళేదాకా ఆగి, రజిత ఆమె ఎదురుగా నిలబడింది.

"మీకు వినొస్తలేదు కదా టీచరమ్మా?"

"ఆర్నెల్లయింది బిడ్డా. ఎదురుంగుంటే పెదవులు చూసి తెలుసుకుంట. ఎనక నిలబడితే ఏం తెలుస్తది? ఈ నెలతోని క్లాసు బంద్ చేస్త. తెల్వకుండ ఇచ్చుడు మోసం."

నలభై ఏళ్ళు ఊపిర్లు విన్న చెవులు. నాకు నిజంగా బాధేసింది. గది మూతపడితే నా గతేమిటన్న స్వార్థం కూడా ఉందనుకోండి.

రజిత నా మీద కూర్చుని, టీచరమ్మ చేయి పట్టుకుని కిందికి కూర్చోబెట్టి, ఆ అరచేతిని తన పక్కటెముకల మీద పెట్టుకుంది. తర్వాత నడుం తిప్పి అదే ఆసనం వేసింది. ఒకటి. రెండు. మూడు. అలవాటు ఎక్కడికి పోతుంది, నాలుగో దగ్గర బిగుసుకుంది.

అరచేయి అలాగే ఉంది. నేనూ ఎదురుచూశాను.

"ఆపినవ్," అంది టీచరమ్మ నెమ్మదిగా. "రోజు గిట్లనేనా?"

రజిత తలూపింది.

"అట్లయితే ఇందాక ఇచ్చింది వాపసు. రేపు మళ్ళ గిదే."

రజిత కళ్ళలోంచి నీళ్ళు నా మీద రాలాయి. పరువు పోయినందుకు కాదని నాకు తెలుసు. వెనక పట్టుకున్న వేళ్ళు విడిచి లేవబోయింది. టీచరమ్మ చేయి మాత్రం పక్కటెముకల మీదినుంచి కదల్లేదు.

"ఏడికి లేస్తున్నవ్? ఇంక రెండున్నయి. పీల్చు."