ఇంటికి వెళ్లే చీటీ

సాయంత్రం నాలుగున్నరకు ప్రజారోగ్య పరిశోధన మండలి సంచాలకురాలి పదవీ విరమణ ఆగిపోయింది. ఆపింది ఆమె పెట్టిన నిబంధనే.

ఆమె సామాజిక మనస్తత్వవేత్త. మనుషులు చేతులెందుకు కడుక్కోరో కొన్నేళ్లు పరిశోధించి, తర్వాత ఇతరుల పరిశోధనలకు నిధులిచ్చే కుర్చీలోకి వచ్చారు. వచ్చిన ఏడాదే చెప్పారు: మండలిలో ఏ మార్పయినా ముందు సగం మందిపై పరీక్షించాలి. మిగతా సగాన్ని, అంటే కంట్రోల్ గ్రూపును, ఉన్నచోటే ఉంచి పోల్చాలి. ఫ్యాన్లు అలాగే వచ్చాయి. రెండో అంతస్తుకు ఇంకా రాలేదు.

ఆ రోజు విరమించాల్సింది ఇద్దరు: ఆమె, అకౌంట్స్ అధికారి. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్న ఉపసంచాలకుడు రెండు చీటీలు మడిచి గ్లాసులో వేశారు.

"ఏంటయ్యా ఇది?"

"రిటైరైతే ఆరోగ్యం బాగుపడుతుందని రుజువు లేదు మేడమ్. ఒకరు ఇంటికెళ్తారు, ఒకరు ఇక్కడే ఉంటారు. ఆర్నెల్లు చూద్దాం."

"ఇద్దరితో ఏం తేలుతుంది?"

"ఇంకా పరిశోధన అవసరమని తేలుతుంది."

"ఆరింటికి నా రైలు. కింద మా ఆయన పెట్టెల మీద కూర్చున్నారు."

"రాసుకున్నాం మేడమ్. 'ఒత్తిడి' కింద."

ఇంటి చీటీ అకౌంట్స్ అధికారికి వచ్చింది. ఆయన గొడుగు వదిలేసి మెట్లు దిగారు.

భర్త ఫోన్ చేశారు. "ఏమోయ్, వస్తున్నావా?"

"కంట్రోల్ గ్రూపులో పడ్డానండీ."

"అయ్యో! దెబ్బ తగిలిందా?"

ఆమె ఫోన్ పెట్టేసి ఉపసంచాలకుడి వైపు తిరిగారు. "ఇష్టం లేకపోతే పరీక్షలోంచి ఎప్పుడైనా తప్పుకోవచ్చని నీకెవరు నేర్పారు?"

"మీరే."

"తప్పుకుంటున్నా."

"తప్పుకున్నవాళ్లనీ చీటీలో పడ్డ గ్రూపులోనే లెక్కెయ్యాలని కూడా మీరే నేర్పారు. వెళ్లిరండి మేడమ్. మీరు ఇక్కడ ఉన్నట్టే రాసుకుంటాం."

"మరి నా కుర్చీలో ఎవరు కూర్చుంటారు?"

"మీరే."

తను నేర్పిన పాఠంలో ఆమెకు తప్పు దొరకలేదు. సంచీ తీసుకుని కిందికి దిగారు.

దంపతులిద్దరూ రైలెక్కారని స్టేషన్‌లో పోర్టరు ధ్రువీకరించారు.

మర్నాడు కొత్త సంచాలకుడు నియామక ఉత్తర్వుతో వచ్చారు. కుర్చీ ఖాళీ లేదని చెప్పి ఆయనకు వరండాలో బెంచీ వేశారు.