బరువున్న చోట

గంగాధరప్ప దుప్పటి నాలుగు కొసలూ నలుగురు పిల్లల చేతికిచ్చి బిగువుగా పట్టుకోమన్నాడు. బాగేపల్లి దగ్గరి ఆ హైస్కూల్లో ఏటా ఈ పాఠం ఇలాగే చెబుతాడు. బక్కపలచని మనిషి, చొక్కా చేతుల నిండా సుద్దపొడి. దుప్పటి నడుమ ఇనపగుండు పెట్టాడు. గుడ్డ కుంగింది. అంచున వదిలిన గోలీ సూటిగా పోకుండా గుండు వైపు తిరిగింది.

"చోటంటే వస్తువులు పెట్టుకునే ఖాళీ గది అనుకుంటాండారు గదా? కాదు. వస్తువుంటే దాని చుట్టూ ఉండే చోటే వంగుతాది. ఆ వంపును బట్టే మిగతావి నడుస్తాయి. ఇది ఉత్త గుడ్డ. అసలుది కంటికి కనపడదు."

"గుండు తీసేస్తే చోటు మిగులుతాదా సార్?" ఆశా అనే అమ్మాయి అడిగింది.

"మిగులుతాదమ్మా. వంపు పోతాది, అంతే."

అప్పుడే ఫోను మోగింది. భార్య జయలక్ష్మమ్మ.

"కరెంటు పోయిండాది... బ్యాటరీ గూడా..." తర్వాత ఆయాసం ఒక్కటే వినిపించింది.

పిల్లల్ని అలాగే వదిలి బైకెక్కాడు. పెళ్లయిన కొత్తలో ఆమె శిడ్లఘట్టలో పట్టుగూళ్లు ఉడికే పొయ్యిల ముందు, పొగలో కూర్చుని దారం తీసింది. ఆ కూలితోనే అతను బి.ఇడి. చదివాడు. అతనికి ఉద్యోగం వచ్చాక ఆమె పని మానింది. పొగ మాత్రం ఊపిరితిత్తులను వదల్లేదు. ఇప్పుడు ఆక్సిజన్ మిషనే ఆమెకు ఆధారం.

ఇంట్లో ఆమె మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. పెదవులు నీలంగా ఉన్నాయి. అతను తలుపులన్నీ తెరిచి, అంబులెన్సుకు ఫోన్ చేశాడు. కొద్దిసేపాగి మళ్లీ చేస్తే డ్రైవరు ఎత్తాడు.

"పేరేసంద్ర దాటినాం సార్, వస్తాండాం."

పక్కన కూర్చుని, చేతికందిన పుస్తకంతో విసరసాగాడు.

"చుట్టూ ఇంత గాలి ఉండాది గదప్పా," అందామె, ఒక్కో మాటా కూడదీసుకుని. "నాకెందుకు అందదు?"

అతను ఇంకా జోరుగా విసిరాడు.

"వస్తాండారు జయా. రోంతసేపు ఓర్చుకో."

ఆమె తల అతని భుజానికి ఆనింది. వీపు నిమురుతూ, పుస్తకం విసురుతూనే ఉన్నాడు. కాసేపటికి ఆమె తల మునుపటికన్నా బరువుగా తోచింది. అయినా విసరడం ఆపలేదు. అంబులెన్సు మనిషి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని చూసి, నెమ్మదిగా అతని చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు.

సాయంత్రానికి ఇంటి ముందు జనం చేరారు. లోపల గదిలో, మంచం కింద సత్తుగిన్నెలో, పొద్దున ఆమె పొట్టు పితికి తీయడానికి నానబెట్టిన అనపగింజలు: కొన్ని పొట్టు వదిలి లేతపచ్చగా, మిగతావి ఇంకా నీళ్లలో ఉబ్బుతూ.