మిషన్ తిరుగుతున్నంతసేపూ

బట్టలుతికే మిషన్ నీళ్ళు పిండటం మొదలుపెడితే గానీ నాకు నోరు పెగలదు. మాది పాత మిషన్. గిరగిరా తిరిగేటప్పుడు అది చేసే రొదకి వెనక బాల్కనీ తలుపు కూడా గడగడలాడుతుంది. ఆ తలుపు మూసి, మిషన్ మూత మీద రెండు చేతులూ ఆనించి, గట్టిగా నాతో నేను మాట్లాడుకుంటాను. పిచ్చేం లేదు. ఫ్యాక్టరీలో నేర్పారు.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో నాది కాలర్లు కుట్టే పని. కొత్తగా చేరిన పిల్లలందర్నీ తెచ్చి నా పక్కనే కూర్చోబెడతారు. వాళ్ళకి నేర్పినందుకు నాకెవరూ ఏమీ ఇవ్వరు, నా కాలర్లు తగ్గితే మాత్రం ఎందుకు తగ్గాయని అడుగుతారు. మా లైన్‌కి, అంటే మా వరస మిషన్లన్నిటికీ, సూపర్‌వైజర్‌గా ఉన్నాయన మానేశాక మేనేజరు వచ్చి, ఈసారి కుట్టేవాళ్ళలోంచే ఒకర్ని తీసుకుంటామనీ, కావాలనుకున్నవాళ్ళు ఒక రోజంతా లైన్ నడిపి చూపించాలనీ చెప్పారు. నా పేరు నేనే ఇచ్చాను. ఇచ్చి వచ్చి మళ్ళీ కాలర్లు కుట్టుకున్నాను.

పేరిచ్చిన వాళ్ళ కోసం హెడ్డాఫీసు నుంచి ఒక ట్రైనింగ్ మేడమ్ వచ్చింది. రోజూ మీతో మీరు మంచిగా మాట్లాడుకోండి, మీకేం కావాలో స్పష్టంగా పైకి చెప్పుకోండి అంది. మేం మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నాం. నాతో నేను మాట్లాడుకోవాలంటే నా బుర్రలో నాకు కాస్త చోటుండాలి కదా! అక్కడెప్పుడూ జనమే. పొద్దున లేవగానే అత్తగారు వచ్చేస్తారు, "నీ చేతిలో పడ్డ పని తెమిలినట్టే" అంటూ. ఆవిడ పక్కకి తప్పుకునేలోపు మా ఆయన, "ఇవన్నీ నీకెందుకు చెప్పు" అంటారు. మా ఆడపడుచయితే నా పెళ్ళయిన కొత్తలో ఎవరితోనో, "మా వదినకి నలుగురిలో మాట రాదు, పాపం" అంది. ఆ మాట అప్పుడు నా బుర్రలో దిగి, అద్దె కూడా కట్టకుండా ఇప్పటికీ అక్కడే కాపురముంటోంది.

మొదటిసారి బాల్కనీలో నిలబడి నాకేం కావాలో చెప్పుకుంటే ఇలా వచ్చింది: "నేను సూపర్‌వైజర్ని అవుతాను, ఆయన సరేనంటే, అత్తయ్యగారి మోకాళ్ళు బాగుంటే, వంటకి ఆలస్యం కాకపోతే." నా మాట నాకే వినపడి ఒళ్ళు మండింది. నాకు కావలసింది ముందు ఇంతే ఉంది, వెనక తోకలేమో బారెడు. కాలరు అంచున మిగిలిన దారాలు కత్తిరించినట్టు ఒక్కో తోకా కత్తిరించడం మొదలుపెట్టాను. వంట తేలిగ్గానే తెగింది. నాకంటే ముందు ఇంటికొచ్చే మనిషికీ రెండు చేతులున్నాయి కదా అనుకున్నాను. అత్తయ్యగారి మోకాళ్ళు ఇంకో వారం పట్టాయి. 'ఆయన సరేనంటే' మాత్రం ఎంతకీ తెగలేదు. నోట్లోంచి తీసేస్తే గొంతులో ఉండేది.

మరి మంచిగా మాట్లాడుకోవడం ఎలాగో కూడా నాకు చేతకాలేదు. నేను శక్తిని, నేను వెలుగుని అని మేడమ్ చెప్పినట్టే అని చూశాను. ఎవరో పరాయి మనిషి పెళ్ళిబట్టలు కట్టుకున్నట్టనిపించి మానేశాను. ఒకరోజు ఫ్యాక్టరీలో కొత్తపిల్ల ఒకతి కాలరు వంకరగా కుట్టేసి బిక్కమొహం వేసుకుంటే, "ఏం కాదు, నా మొదటి కాలరు నువ్వు చూడలేదు కనక. విప్పు, మళ్ళీ కుట్టు, నీకు వస్తుంది" అన్నాను. అన్నాక చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ముక్కూమొహం తెలియని పిల్లతో ఇంత బాగా మాట్లాడేదాన్ని, నాతో నేను మాట్లాడేటప్పుడు మా అత్తగారినెందుకు పిలుస్తాను? ఆ సాయంత్రం నుంచీ ఆ పిల్లతో మాట్లాడిన గొంతుతోనే నాతో మాట్లాడుకుంటున్నాను. నీకు వస్తుంది. ఆ లైన్లో ఏ మిషన్ ఎందుకు ఆగిందో చప్పుడు బట్టి చెప్పగలవు. నువ్వు నిలబడు, మాట దానంతటదే వస్తుంది.

రేపే నా వంతు. ఈ సంగతి ఆయనకి పోయిన వారమే చెప్పాను. చొక్కా గుండీ పెట్టుకుంటూ "చూద్దాంలే" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ 'చూద్దాంలే'కి అర్థం నాకు బాగా తెలుసు. అయినా, వద్దని మాత్రం అనలేదుగా అని నన్ను నేను ఊరడించుకున్నాను.

ఇవాళ ఆదివారం. సాయంత్రం బట్టలు వేసి, తలుపు మూసి, మిషన్ రొద అందుకోగానే మొదలుపెట్టాను. ఎప్పుడూ లేనిది గొంతు బొంగురుపోయేంత గట్టిగా వచ్చింది. "ఎవరు సరేనన్నా, అనకపోయినా, రేపు లైన్..." అంటుండగా మిషన్ టక్కున ఆగిపోయింది. "నేనే నడుపుతాను!" అన్న నా కేక ఒక్కటే మిగిలి ఇల్లంతా వినపడింది. పక్క బాల్కనీలో బట్టలారేస్తున్నావిడ క్లిప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బాల్కనీ ప్లగ్గుకి స్విచ్చు హాల్లో ఉంటుంది. టీవీ వినపడటం లేదని ఆయన కట్టేశారట. తలుపు తీసుకుని లోపలికి వెళితే ఆ టీవీ కూడా ఆపేసి ఇద్దరూ నాకేసే చూస్తున్నారు.

"ఎవరిమీదే ఆ కేకలు?" అన్నారు అత్తగారు.

"ఏం నడుపుతావట?" ఆయన నవ్వారు. "రైలా?"

"లైన్. రేపు నా వంతని చెప్పాను కదా."

ఆయన నవ్వు ఆగింది. అత్తగారు ఆయన వైపు తిరిగారు. "అదేమిట్రా, వద్దని చెప్పేశానన్నావుగా?"

 ఆయన రిమోట్ అటూ ఇటూ తిప్పారు.

"నిన్న రాత్రి మీ మేనేజరు ఫోన్ చేశాడు, రేపు ఎన్నింటికి రావాలో చెప్పడానికి. తనకి కుదరదు సార్, ఇంకెవర్నైనా చూసుకోండి అన్నాను. నీ మంచికే అన్నాను. అంతమంది ముందు నోరు రాక నిలబడిపోతే పరువు పోయేదెవరికి?"

నేను చేరినప్పుడు నాకు ఫోన్ లేదు. ఫ్యాక్టరీ కాగితాల్లో నా పేరు పక్కన ఆయన నంబరే రాయించాం. నాకు ఫోన్ వచ్చినా దాన్ని మార్పించాలని ఎవరికీ తోచలేదు, నాకు కూడా. నా పని గురించి ఎవరికేం కావాలన్నా ముందు ఆయన జేబు మోగుతుంది. ఆయన ఊ అంటే నేను ఊ అన్నట్టు, ఆయన వద్దంటే నేను వద్దన్నట్టు.

ముందు నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. ఇన్నాళ్ళూ బాల్కనీలో నేను చేసిందంతా ఆటలాగా కనిపించింది. బుర్రలో జనమంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు, చెప్పామా లేదా అన్నారు. నాకు ఏడుపొచ్చింది కూడా. కుక్కరు పెట్టే వేళయిందని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోతే ఈ సంగతి ఇంతటితో సద్దుమణిగిపోతుంది. అందరూ నేను అదే చేస్తాననుకుంటున్నారు.

ఇదుగో, ఇటు చూడు, అన్నాను నాతో. ఇంకా తెల్లారలేదు. నీ ఫోన్ అక్కడే బల్ల మీద ఉంది. సెలవడగడానికి తప్ప ఎప్పుడూ వాడని మేనేజరు నంబరు అందులో ఉంది. ఏడుపు తర్వాత ఏడవచ్చు, ముందు ఫోన్ తియ్యి.

తీశాను.

"ఎవరికి?" ఆయన లేచారు. "మీ మేనేజరుకా? ఆదివారం పూటా? ఇప్పుడు నువ్వు చేస్తే నా మాటేం కావాలి? నేను అబద్ధం చెప్పాననుకోడూ?"

"ఒద్దే, మొగుడి మాట తీసెయ్యకు" అన్నారు అత్తగారు.

అవతల ఎత్తారు. వాళ్ళిద్దరూ కూడా విననీ అని స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాను. నేను ఫలానా కాలర్ల మనిషినని చెప్పి, "రేపు లైన్ నడపడానికి వస్తున్నాను సార్" అన్నాను. గొంతు చిన్నదే, కానీ వెనక తోకలేమీ లేవు.

"అదేంటమ్మా? మీవారు కుదరదన్నారే. నేను ఇంకొకామెకి చెబుదామనుకుంటున్నా."

"చెప్పకండి సార్. నాకు కుదురుతుంది."

"అలా ఒకళ్ళొకటి, ఒకళ్ళొకటి చెబితే ఎలాగమ్మా? రేపు మళ్ళీ ఇంట్లో గొడవలని మధ్యలో వెళ్ళిపోతే నా లైన్ ఆగిపోతుంది. ఒక పని చెయ్యి. మీ ఆయన పక్కనున్నారా? ఫోన్ ఆయనకివ్వు. ఆయన సరేనని ఒక్క మాటంటే చాలు, రేపు వచ్చెయ్యి."

ఆయన చెయ్యి చాపారు. కోపంగా కూడా కాదు, కొట్టువాడు చిల్లర కోసం చాపినంత మామూలుగా. ఆ అరచెయ్యి నా ముందు అలాగే ఉంది. అందులో పెడితే ఆయన సరే అనేవారేమో కూడా. పై మనిషి అడిగితే కాదనే రకం కాదు. పెడితే రేపు పని దొరుకుతుంది. దొరికినా అది ఆయనిచ్చిందవుతుంది.

నేను ఫోన్ బల్ల మీంచి తీసి స్పీకరు ఆపి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఆయన మీ దగ్గర పని చెయ్యరు కదా సార్, చేసేది నేను. ఎన్నింటికి రావాలో నాకు చెప్పండి."