చిందీ కూర

ఆదివారం దగ్గర పడుతోందంటే విజయరాణికి శనివారం సాయంత్రం నుంచే ఒళ్లు మండేది. ఆ కోపం దేవుడి మీద కాదు, బావ మీద.

సూరత్‌లోని డిండోలి పేటలో వాళ్లది ఒకటే గది. భర్త లింగం పవర్‌లూమ్ కార్ఖానాలో రాత్రి పాళీ చేస్తాడు. ఆమె ఇంట్లోనే కూర్చుని చీరలకు స్టోన్లు అంటిస్తుంది. పిల్లలు తినే వేళకు అతను నిద్రలో ఉంటాడు, అతను తినే వేళకు పిల్లలు బడిలో ఉంటారు. నలుగురూ ఒక్కచోట కూర్చుని అన్నం తినేది ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయ్యాక. ఆ ఒక్క పూటనే రాజనర్సు బావ ఎత్తుకుపోయాడు.

తప్పంతా ఆ కూరదే. చిన్న సిలిండర్లో గ్యాసు పోసేవాడి దగ్గరికి మాటిమాటికీ పోలేక ఆమే కనిపెట్టిన వంట అది. బొబ్బర్లు రాత్రే నానబెట్టేది. మటన్ కొట్టువాడు చవకగా ఇచ్చే బొక్కలు తెచ్చేది. కోడి కూయకముందే లేచి రెండూ కలిపి కుతకుత ఉడికించేది. మూత కదలకుండా గుడ్డతో బిగించి, చేపలోళ్ల దగ్గర తెచ్చుకున్న థర్మాకోల్ డబ్బాలో గిన్నెను దించి, చుట్టూ చిందీ కూరేది. చిందీ అంటే కార్ఖానాలో మిగిలే గుడ్డపీలికలు. వాళ్లు చర్చిలో పాటలు పాడుతుంటే ఆ గిన్నె తన వేడితో తానే ఉడికేది. ఇంటికొచ్చి మూత తీస్తే బొక్కల్లోని మూలుగంతా గింజల్లోకి దిగి, వాసన వీధి చివరిదాకా పోయేది. గల్లీలో దానికి చిందీ కూర అని పేరు పడింది.

రాజనర్సు లింగానికి అన్న, చర్చి సంఘానికి పెద్ద. ఒక ఆదివారం వచ్చి తిని మెచ్చుకున్నాడు. మరుసటి వారం ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ తర్వాత ఇక అడగడం కూడా మానేశాడు. వచ్చినవాళ్లు వరుసగా కూర్చునేవారు. బావ లేచి సూరత్‌లో ఉన్నవాళ్లకూ సొంతూరు కరీంనగర్‌లో ఉన్నవాళ్లకూ కలిపి ప్రార్థన చేసేవాడు. పిల్లలు గడప దగ్గర నిలబడి గిన్నె వంకే చూసేవారు. అందరూ లేచి చేతులు కడుక్కున్నాక, రాత్రంతా మగ్గాల మోతలో నిలబడి వచ్చిన లింగం అడుగున మిగిలిన పులుసులో అన్నం కలుపుకునేవాడు.

"మీ అన్నకు చెప్పరాదు?" అని ఆమె ఎన్నిసార్లు అడిగిందో!

"పెద్దోడు. ఏమంటమే?" అని అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక ప్రకటనలు చెప్పడానికి రాజనర్సు లేచాడు. కిరాణా దుకాణం పైన అద్దెకు తీసుకున్న హాలు అది. ఫ్యాన్ల చప్పుడును మించి గొంతు పెంచాడు.

"సహోదరులారా, వచ్చే వారం నుంచి ఆరాధన అయినంక అందరికీ ప్రేమ విందు. ఖర్చుకు భయపడకుండ్రి. ఇంటికి గిన్ని బొబ్బర్లు తెస్తె సాలు. మా మరదలు చిందీ కూర చేస్తది. గ్యాసు లేదు, మంట లేదు, మెహనత్ లేదు. డబ్బల పెట్టుడు, వచ్చి తీసుడు. అంతే!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో "స్తోత్రం" అన్నారు. లింగం కునికిపాట్లు పడుతున్నాడు. విజయరాణి తల మీది కొంగును వేళ్ల మధ్య నలిపింది.

మెహనత్ లేదట, కష్టమే లేదట. నానబెట్టింది ఎవరు? బొక్కల కోసం కొట్టు ముందు కుక్కలతో పాటు నిలబడింది ఎవరు? మంట కనబడకపోతే మనిషి కూడా కనబడదా వీళ్లకు?

ఆఖరి ఆమెన్ వినబడగానే ఆమె చెప్పులు వేసుకుంది. కూతురు సంతోషి చేయి పట్టింది, కొడుకు గోపాల్‌ను ముందుకు నెట్టింది, లింగం భుజం తట్టింది.

"లే. నడువు."

"అన్న వస్తుండు గద, జర ఆగు..."

"నడువుమన్న."

ఆ గొంతు విని లింగం నడిచాడు. దారిలో ఎవరితోనూ ఆమె మాట్లాడలేదు. ఇంటికి రాగానే చాప పరిచి, నాలుగు పళ్లేలు వేసి, చిందీ తోసి గిన్నె పైకి తీసింది.

"మమ్మీ, పెదనాన్న రాలే కదా?" అంది సంతోషి. "ఇంటికొచ్చే మెహమాన్ల కన్నా పహెలే మనం తింటమా?"

"మనమే. కళ్లు మూసుకో. ప్రభువా, నువ్విచ్చిన కూడు, నీకు వందనాలు. ఆమెన్. తినుండ్రి."

లింగం భయంగా గుమ్మం వైపు చూశాడు. కానీ వేడివేడి అన్నం మీద బొక్క పడగానే చేయి ఆగలేదు.

రాజనర్సు వచ్చేసరికి నాలుగు పళ్లేలూ సగమయ్యాయి. వెనక అతని భార్య భూదేవి, పాండేసర మిల్లులో పనిచేసే ఇద్దరు కొత్త సహోదరులు. గడపలోనే అతని కాలు ఆగిపోయింది.

"ఏందిది, విజయా? మెహమాన్లు రాకముందే తింటున్నరా? ప్రార్థన లేదు, ఏం లేదు!"

"ప్రార్థన చేసినం, బావా. చిన్నది చేసినం. పొల్లగాండ్లకు ఆకలైంది."

"నా ఇజ్జత్ తీస్తున్నవా నలుగురిల?"

"నన్నడగకుండ నలుగురిల నా పేరు చెప్పినవు గద. అప్పుడు నా ఇజ్జత్ యాడ వోయింది?" ఆమె గరిటె చేతపట్టుకునే లేచింది. "మెహనత్ లేదంటివి. మంచిది. వచ్చే వారం డబ్బ మీ ఇంటికి పంపిస్త. చిందీ గూడ పంపిస్త. అక్క చేస్తది."

రాజనర్సు భార్య వైపు తిరిగాడు. "చేస్తది. ఎందుకు చెయ్యది? ఏమంటవే?"

భూదేవి చటుక్కున తలెత్తింది. "నేనెందుకు చేస్త? అంత పొద్దుగాల ఎవలు లేస్తరయ్యా? ఆ బొక్కలు కడగాలె, నురగ తియ్యాలె, సంఘానికంతటికి సరిపోయే గిన్నె దించాలె. నా నడుము ఏం గావాలె?"

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. విజయరాణి ఆమె ముఖంలోకి చూసింది. భూదేవి చూపు దించుకుంది.

కొత్తవాళ్లలో ఒకతను ఇబ్బందిగా వెనక్కి జరిగాడు. "అక్కా, మేము మెస్‌ల తింటం. మాకెరుక లేదు, పెద్దాయన రమ్మంటె వచ్చినం."

"మీ మీద నాకు కోపం లేదు, తమ్ముడూ. అడిగి రాండ్రి, కడుపునిండ పెడుత. ఈ పూట నా ఇంటోళ్లది."

"చూస్తున్నవా రా, నీ పెండ్లాం నోరు?" రాజనర్సు తమ్ముడి మీదికి వంగాడు. "మాట్లాడవేందిరా? సంఘంల మాటిచ్చిన నేను. రేపు ఏం చెప్పాలె?"

లింగం నోట్లోని ముద్ద మింగాడు. అన్న వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. వేళ్లకు అంటిన పులుసు నాకి, ఖాళీ అయిన పళ్లెం ఆమె వైపు జరిపాడు.

"ఇంకింత వెయ్యి, రాణీ," అన్నాడు. "బొక్క గూడ వెయ్యి."

రాజనర్సు చెప్పులు చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగిపోయాడు, వెనకే మిగతా ముగ్గురూ. ఆమె గరిటె నిండా తీసి మొగుడి పళ్లెంలో వేసింది. పులుసు చాప మీద చింది మరక పడినా తుడవకుండా, తన పళ్లెం ముందు కూర్చుని తినడం మొదలుపెట్టింది.