సున్నా కొట్టిన మధ్యాహ్నం

"పిట్టా పిట్టా, తలుపెవరు మూశారే, ద్రాక్షతీగ మీద మంచు..." ఆ తర్వాతి మాట దోన్కాకి ఎంతకీ గుర్తు రాదు. వంటింట్లో తొక్క ఒలవడానికి మిరపకాయలు కాలుస్తూ, చిన్ననాటి ఆ పాటని అక్కడిదాకా తెచ్చి వదిలేస్తుంది. రూసే ఊళ్లో, నాలుగో అంతస్తులో, వీధి తలుపు కూడా ఆ వంటింట్లోంచే. బల్ల దగ్గర కోడలు ఇస్క్రా పాత లాప్‌టాప్ ముందేసుకుని పని చేసుకుంటుంది.

దాన్లో లినక్స్ ఎక్కించినప్పటి నుంచి వెలుగు మీటలు పనిచేయవు. తెరమీద నల్ల కిటికీ తెరిచి, ఒక ఆదేశం వరస టైపు చేసి, చివర అంకె పెట్టాలి. అంకె తగ్గితే తెరతోపాటు ఇంట్లో, కింది అంతస్తులో కూడా పగలు తగ్గుతుంది. కిందింటి పెన్కా బాల్కనీలోంచి అరుస్తుంది: "కాస్త పెంచవే తల్లీ, నా బట్టలు ఆరొద్దూ!"

దోన్కా అక్షరాలు నేర్చుకున్నది ఆ వరస మీదే. పాస్‌వర్డ్ కొడుతుంటే తెరమీద చుక్కయినా పడదు.

"దీనికి వినపడలేదే అమ్మాయ్," అనేది మొదట్లో.

"వింటుంది అత్తయ్యా, బయటికి చెప్పదంతే. సున్నా మాత్రం పెట్టకండి. మళ్లీ పెంచుదామన్నా అక్షరం కనపడదు."

దోన్కా కొడుకు క్రుమ్ బయటికెళ్తే తాళం వేసుకుపోతాడు. ఇంట్లో ఉంటే తాళంచెవి తలుపుకే ఉంచి, అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చుంటాడు. పెళ్లయ్యాక ఇస్క్రా ఒంటరిగా మెట్లు దిగింది లేదు. ఆ రోజు ఇస్క్రాని తీసుకెళ్లడానికి వర్నా ఊరి నుంచి వాళ్లక్క కారేసుకొచ్చి వీధి చివర ఆగింది.

"బ్రెడ్ తెచ్చుకొస్తా," అంది ఇస్క్రా.

"నిన్నటిదేమైంది, ఎలకలు తిన్నాయా?" క్రుమ్ కాళ్లు ఇంకాస్త చాపాడు.

కోడలి చూపు కిటికీలోంచి వీధి చివర కారు మీదికి పోవడం దోన్కా గమనించింది. వేళ్లకంటిన మిరప తొక్క తుడుచుకుని లాప్‌టాప్ తనవైపు లాక్కుంది. వరస కొట్టి, చివర సున్నా పెట్టింది. పాస్‌వర్డ్ కొట్టింది.

మిట్టమధ్యాహ్నం ఇల్లు పాడుబావి అడుగులా అయిపోయింది.

"ఎవరది తగ్గించింది? అమ్మా, పెంచు!"

"అక్షరం కనపడట్లేదురా. నువ్వే వచ్చి చూడు."

కుర్చీ పడింది. క్రుమ్ తడుముకుంటూ వచ్చి బల్ల అంచుకి మోకాలు కొట్టుకుని తిట్టాడు. అవతల తలుపు తాళం తిరిగింది. మెట్ల మీది చల్లగాలి లోపలికొచ్చింది.

చూడకుండా కొట్టడం దోన్కా వేళ్లకి తెలుసు. ఆ వేళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

గడప దాటాక ఇస్క్రా గొంతు తగ్గించలేదు, అత్తయ్యా అనీ అనలేదు. "నా అడుగుల చప్పుడు ఆగేదాకా పెంచకమ్మా!"