నవప్రభ వాయనశాలలో ముసలిదైన బ్రౌజర్

కేరళలో పట్టాంబికి రెండు బస్టాపుల అవతల ఉన్న నవప్రభ వాయనశాల అనే ఊరి గ్రంథాలయంలో పదకొండు వేల పుస్తకాలున్నాయి. వాటిని చూసుకోవడానికి పదకొండుమంది సభ్యుల కమిటీ ఉంది. కమిటీని చూసుకోవడానికి విలాసిని ఒక్కతే ఉంది. జీతం పుచ్చుకునే లైబ్రేరియన్ కాబట్టి ఆమెకు సమావేశాల్లో ఓటు లేదు. తీర్మానాల పుస్తకం రాసే పని మాత్రం ఆమెదే.

ఈ ఉద్యోగానికి ముందు విలాసిని త్రిశ్శూర్‌లో ఒక ప్రెస్సులో పన్నెండేళ్లు ప్రూఫులు దిద్దింది. ఏ కాగితం చేతికొచ్చినా సంగతి కన్నా ముందు అచ్చుతప్పు కనబడే జబ్బు అక్కడే పట్టుకుంది. పెళ్లి శుభలేఖ ఇస్తే పెళ్లికొడుకు ఎవరని అడగదు, వాడి పేరులో ఒత్తు పోయిందని చెబుతుంది.

కర్కాటక మాసపు వానలో ఒక సోమవారం ఉదయం ఆమె ఏదో పాత పత్రిక సంచిక కోసం ఉచిత పుస్తకాల సైటు ఒకటి తెరిచింది. తెరంతా నల్లబడింది. మధ్యలో ఎర్ర డబ్బా ఒకటి ఊడిపడింది. అందులో మలయాళంలో ఇలా ఉంది:

"ప్రియ వాడుకరి, నీ బ్రౌజర్ ముసలిది అయిపోయెను. మూడు పురుగులు లోపల కూర్చొని ఉన్నవి. పది నిమిషముల్లో నవీకరించ కపోతే నీ అన్ని సర్వం నశించు."

కింద పచ్చటి మీట. దాని పక్కన తొమ్మిది నిమిషాల యాభై సెకన్ల నుంచి వెనక్కి నడుస్తున్న గడియారం.

విలాసినికి భయం వేయలేదు, ఒళ్లు మండింది. మూడు వాక్యాల్లో ఏడు తప్పులు. మూసేద్దామని మౌస్ మీద చెయ్యి వేసేసరికి కమిటీ అధ్యక్షుడు అచ్యుతన్ మాష్ గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. ముప్పై నాలుగేళ్లు బడిలో మలయాళం చెప్పి రిటైరై, ఊరందరికీ మాష్‌గా, అంటే మాస్టారుగా, మిగిలిన మనిషి. దుకాణాల బోర్డులు మాతృభాషలో ఉండాలని ఊరేగింపులు తీసి, రెండుసార్లు పోలీసు జీపెక్కిన మనిషి.

"ఆగాగు! ఏమిటది? మలయాళమే!" అంటూ మాష్ కళ్లజోడు సర్దుకున్నాడు. "చూశావా విలాసినీ, ఎక్కడో సముద్రాల అవతలి కంపెనీ మన భాషలో మనకి ఉత్తరం రాసింది!"

"రాసింది మాషే. ఏడు తప్పులతో రాసింది. అంత పెద్ద కంపెనీకి ప్రూఫులు దిద్దే మనిషి దొరకడా? ఇదేదో మోసం."

"పరాయివాడు మన భాష నేర్చుకుంటూ తడబడితే మోసమంటావా? రేపు ఇంకెవరైనా నేర్చుకుంటారా?" మాష్ మౌస్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు. "ముట్టుకోకు. సాయంత్రం నాలుగింటికి కమిటీ."

నాలుగింటికి పాలు పోయని కట్టన్ చాయ, పప్పుతో చేసిన పరిప్పువడలతో అత్యవసర సమావేశం మొదలైంది. కార్యదర్శి సుగుణన్ పాలక్కాడ్‌లో మూడు రోజుల కంప్యూటర్ శిక్షణ పొందినవాడు. ఆ సర్టిఫికెట్టు వాయనశాల గోడ మీదే వేలాడుతోంది. అతడు లేచి గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా, నవీకరణ అనేది కాలం కోరేది. మనది ప్రగతిని నమ్మే వాయనశాల. ముసలి బ్రౌజర్‌తో ఏ ముఖం పెట్టుకుని ప్రగతి అంటాం?"

కోశాధికారి పౌలోస్ వడ పక్కన పెట్టాడు. "ఇది విదేశీ పన్నాగం. ముందు ముసలిదంటారు, తర్వాత మార్పించుకోమంటారు. నా మోకాలికి కూడా డాక్టరు సరిగ్గా ఇదే చెప్పాడు."

"మీ మోకాలు అజెండాలో లేదు చేట్టా," అన్నాడు సుగుణన్.

"మీ సర్టిఫికెట్టూ లేదు, అయినా రోజూ చూస్తున్నాం కదా!"

వాదన మూడు గంటలు నడిచింది. విలాసిని రెండుసార్లు చెయ్యెత్తింది. మూడోసారి ఎత్తకుండానే అంది: "ఒక్కమాట. ఈ పది నిమిషాల గడువు మనం కూర్చున్నాక పద్దెనిమిదిసార్లు అయిపోయింది. అయిపోయిన ప్రతిసారీ మళ్లీ పది దగ్గర మొదలవుతోంది. నిజంగా సర్వం నశించేదైతే ఇప్పటికి మనం ఉండకూడదు."

"మనమీద దయతో గడువు పెంచుతున్నారు," అన్నాడు సుగుణన్.

ఆరు ఓట్లకు నాలుగు ఓట్లతో తీర్మానం నెగ్గింది. ఒకాయన నిద్రపోయాడు. మాష్ స్వహస్తంతో పచ్చమీట నొక్కాడు, సుగుణన్ ఫొటో తీశాడు. కంప్యూటర్‌లోని కాపలా ప్రోగ్రాం వెంటనే అడ్డుపడింది: ఇది ప్రమాదకరమైన ఫైలు, తెరవవద్దు. "ఇది పాతకాలపుది, కొత్తవాటిని చూస్తే దీనికి పడదు," అంటూ సుగుణన్ దాని నోరు మూయించాడు. కొత్త ఫైలు పాస్‌వర్డ్ అడిగితే, గోడకు అంటించిన కాగితం చూసి అందరికీ వినబడేలా చదివి మరీ కొట్టాడు.

అంతా చప్పట్లు కొట్టారు. ఏమీ జరగలేదు.

జరగాల్సింది మర్నాడు పొద్దున్న జరిగింది. వాయనశాల ఫేస్‌బుక్ పేజీ మీద మాష్ బొమ్మ ఉంటుంది, ఆయన డెబ్బయ్యో పుట్టినరోజున పెట్టింది. ఆ బొమ్మ పక్కన ఒక జుట్టు నూనె ప్రకటన వెలిసింది: "నేను వాడి చూసితిని. ఇరవై దినములలో ఒత్తుగా మొలిచెను." మాష్ తల పట్టాంబి వంతెన మీదినుంచి చూసినా మెరుస్తుంది.

మాష్ వానలో గొడుగు కూడా మరిచి పరుగెత్తుకొచ్చాడు. "పరువు పోయింది! చేపల బజార్లో పడీపడీ నవ్వుతున్నారు! ఎంతమంది చూశారు?"

"పదిహేడు వందలమంది," అంది విలాసిని ఫోన్ చూసి.

మాష్ కుర్చీలో కూలబడ్డాడు. చిన్న గొంతుతో అడిగాడు: "పోయిన నెల నా ప్రసంగం పెట్టాం కదా, దాన్ని?"

"తొమ్మిదిమంది. అందులో మనిద్దరం ఉన్నాం."

ఇంతలో వచ్చిన సుగుణన్, నవీకరణ సగమే జరిగి ఉంటుందనీ, ఇంకోసారి నొక్కితే పూర్తవుతుందనీ మౌస్ వైపు చెయ్యి చాచాడు. విలాసిని ఆ చేతిని పక్కకు నెట్టి, గోడలోంచి ఇంటర్నెట్ తీగ పీకి, కంప్యూటర్ డబ్బాను చంటిపిల్లలా చీరకొంగులో చుట్టి బస్సెక్కింది. కమిటీని అడగలేదు.

పట్టాంబిలో రిపేరు షాపు నడిపే రెజీనా ముందు తన కంప్యూటర్ నుంచి పేజీకి, మెయిలుకి పాస్‌వర్డ్‌లు మార్పించింది. ఎక్కడెక్కడి నుంచో వాటిలోకి చొరబడి కూర్చున్నవాళ్లందరినీ బయటికి పంపింది. తర్వాత డబ్బా విప్పింది.

"చేచ్చీ, బ్రౌజర్‌కి నిజంగా కొత్తది కావాలంటే దాని సొంత మెనూలోనే చెబుతుంది. దారిన పోయే సైటు అరిచి చెప్పదు. ఎవరు నొక్కారు?"

"కమిటీ."

"పదకొండుమందీనా?"

"ఒకాయన నిద్రపోయాడు."

రెజీనా పడీపడీ నవ్వి, అంతలోనే ముఖం దించుకుంది. లోపల చేరినదాన్ని నమ్మడానికి లేదు, మొత్తం తుడిచేయాల్సిందే. విలాసిని దగ్గరున్న పుస్తకాల జాబితా నకలు కిందటి ఓణం పండగ నాటిది. ఆ తర్వాత ఆమె ఒక్కతే రోజూ కూర్చుని ఎక్కించిన పదమూడు వందల పుస్తకాల వివరాలు పోయాయి. తిరుగు బస్సులో కిటికీ అద్దం మీది వానను చూస్తూ కూర్చుంది. దిగాల్సిన చోటు దాటిపోయాక గాని తెలియలేదు.

ఆదివారం విచారణ సమావేశం పెట్టారు. అంతర్జాతీయ సాంకేతిక శక్తులు నవప్రభను గురిపెట్టాయని సుగుణన్ నివేదిక చదివాడు. తాను ముందే చెప్పానని పౌలోస్ నాలుగుసార్లు చెప్పాడు. విలాసిని చెప్పిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె తలెత్తకుండా రాసుకుంటూ పోయింది. చివర్లో అధ్యక్షుడు తీర్మానాలు చదవమన్నాడు. సరిగ్గా అప్పుడే వేడి వడల పళ్లెం లోపలికి వచ్చింది.

విలాసిని ఎప్పటిలాగే సాదా గొంతుతో చదివింది: "ఒకటి. లైబ్రేరియన్ మూడుసార్లు హెచ్చరించినా కమిటీ వినలేదని ఒప్పుకుంటున్నాం. రెండు. ఇకమీదట కంప్యూటర్ విషయాల్లో ఆమె మాటే తుది మాట, పాస్‌వర్డ్ ఆమె ఒక్కరికే తెలిసి ఉంటుంది. మూడు. పోయిన పదమూడు వందల పుస్తకాల వివరాలను కమిటీ సభ్యులు తలా నూట పద్దెనిమిది చొప్పున ఆదివారాల్లో ఎక్కిస్తారు. మిగిలిన రెండూ లైబ్రేరియన్ ఎక్కిస్తుంది."

"చట్నీ ఇటు జరపండి. ఆమోదం," అన్నాడు సుగుణన్. పది చేతులు లేచాయి. మాష్ సంతకం పెట్టాడు.

సంగతి అర్థమయ్యాక పెద్ద గొడవే జరిగింది. కానీ తీర్మానం తీర్మానమే. దాన్ని రద్దు చేయాలంటే, చదవకుండా చేతులెత్తామని ఇంకో తీర్మానం రాయాలి. అందుకు ఎవరూ సిద్ధపడలేదు.

మరుసటి ఆదివారం ఆరుగురు వచ్చారు. సుగుణన్ నడుం నొప్పని కబురు పెట్టాడు. పౌలోస్ ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతికి పొడుస్తూ మధ్యాహ్నానికి పదకొండు పుస్తకాలు ఎక్కించాడు. మాష్ అందరికన్నా ముందే వచ్చాడు గాని మూడు పుస్తకాలు దాటలేదు. వివరాల కోసమని తెరిచిన నాలుగో పుస్తకం చదువుతూ ఉండిపోయాడు.

"ఇది మన దగ్గరుందని నాకెవరూ చెప్పలేదే," అన్నాడు తల ఎత్తకుండానే.

విలాసిని ఆయన పక్కన చాయ పెట్టి, ఆయన ముందున్న దొంతరను తన వైపు లాక్కుని టైపు చేయడం మొదలుపెట్టింది.